బాలింతల జట్టుకు ముందు నిలిచేదెవరు?

ఈ వారం నన్ను చికాకు పెట్టిన మాట "పాత నడుము". ఫోన్ తెరిస్తే చాలు, కాన్పయిన మూడు నెలల్లో పాత నడుము తెప్పిస్తామనే ప్రకటనలే. బాలింత అడిగేది అది కాదు. దగ్గినా తుమ్మినా చీర తడవకూడదు, బిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తుకుంటే నడుము పట్టేయకూడదు, "నాకొక్కదానికేనా ఇలా?" అని అడగడానికి ఒక మనిషి కావాలి. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత పట్టుదల తెలుసు: ఒంటరిగా ఇంట్లో సాగని ఏ పనైనా ఒక చోటు, ఒక వేళ, నలుగురు మనుషులు కుదిరితే సాగుతుందని. అందుకే ఇరుగుపొరుగు బాలింతలను పోగుచేసి వారానికోసారి వ్యాయామం చేయించే స్వచ్ఛంద సేవ గురించి రాయాలనుకున్నప్పుడు నా తీర్పు ముందే సిద్ధంగా ఉంది. వ్యాయామం ఒక సాకు, అసలు మందు నలుగురూ కలవడమే, కాబట్టి మనసున్న ఏ పొరుగింటావిడైనా ఈ పని చేయగలదు అని. ఆధారాలు చూశాక ఆ తీర్పులో సగం వదులుకోవలసి వచ్చింది.

మెల్‌బోర్న్‌లో 161 మంది కొత్త తల్లులతో చేసిన పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. ఒక జట్టు ఎనిమిది వారాలపాటు ఫిజియోథెరపిస్టు దగ్గర, బిడ్డలను పక్కన పెట్టుకునే, వ్యాయామం చేసింది; దానితోపాటు పిల్లల పెంపకం మీద పాఠాలు విన్నది. రెండో జట్టుకు ఆ పాఠాలు కాగితాల మీద, పోస్టులో ఇంటికి వెళ్ళాయి. మొదటి జట్టులో దిగులు ఎక్కువగా తగ్గింది, తరగతులు ముగిసిన నెల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. నా వాదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ రెండు జట్లకూ తేడా ఒకటి కాదు, రెండు: ఒకరు ఒళ్ళు కదిలించారు, ఒకరితో ఒకరు కలిశారు, రెండోవాళ్ళకు ఆ రెండూ లేవు. మేలు దేనివల్ల జరిగిందో ఈ పరిశోధన విడదీసి చెప్పలేదు. విడదీయడానికి ప్రయత్నించిన పరిశోధన కూడా ఆస్ట్రేలియాదే, 2004 నాటిది. అందులో ఒక జట్టు బిడ్డల బండ్లు తోసుకుంటూ కలిసి నడిచింది, మరో జట్టు కలిసి కూర్చుని మాట్లాడుకుంది. నడిచినవాళ్ళకే దిగులు ఎక్కువగా తగ్గింది. చాలా కొద్దిమందితో చేసినది కాబట్టి దాని మీద పెద్ద మేడ కట్టలేం. అయినా నా తీర్పుకు అది ఎదురే నిలుస్తుంది. కలవడం ఒక్కటే సరిపోదని, కదలడానికీ తనదంటూ ఒక బలం ఉందని.

కదలికకే బలం ఉంటే, దాన్ని తప్పుగా నేర్పితే హాని కూడా ఉంటుంది. మూత్రాన్ని ఆపుకునే కటి కండరాలను బిగించే వ్యాయామమే చూడండి. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఇవాళ ప్రతి బాలింతకూ చెప్పేది. 1991లో వెలువడిన ఒక పరిశోధనలో 47 మంది స్త్రీలకు దాన్ని నోటిమాటగా వివరించి చేయమంటే, సుమారు సగం మందే సరిగ్గా చేశారు. 12 మంది లోపలికి, పైకి బిగించాల్సింది పోయి కిందికి ముక్కారు. అది ఉన్న సమస్యను పెంచే పద్ధతి. ఇక మన దగ్గర సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. అంటే మన జట్టులో కూర్చున్న ఐదుగురిలో ఇద్దరో ముగ్గురో కడుపు మీద కుట్లున్నవాళ్ళు. వెల్లకిలా పడుకుని తల, భుజాలు ఎత్తే వ్యాయామాలను వాళ్ళచేత మొదటి వారాల్లోనే చేయించడం ప్రేమతో చేసినా పొరపాటే.

పెద్దవాళ్ళ అభ్యంతరం ఇక్కడే బలంగా వినిపిస్తుంది. బాలింత అంటే పచ్చి ఒళ్ళు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, నడుముకు పాత చీర చుట్టి కూర్చోబెట్టాలి గానీ వ్యాయామమేమిటని. ఆ మాటను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. పని ఒత్తిడి మధ్య ఆడదానికి విశ్రాంతి దొరికే ఒకే ఒక్క కాలం అది, దాన్ని కాపాడింది ఆ పెద్దవాళ్ళే. కాకపోతే విశ్రాంతి అంటే కదలకపోవడమని వాళ్ళు తీసిన అర్థంతో పేచీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు, వైద్యపరంగా అడ్డు లేని బాలింతలకు వారంలో కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మంచిదని చెబుతున్నాయి. మెల్లగా మొదలుపెట్టి పెంచుకోమనీ అంటున్నాయి. మెల్లగా అన్న మాట దగ్గర అమ్మమ్మకూ ఫిజియోథెరపిస్టుకూ రాజీ కుదురుతుంది.

అయితే నిపుణులకే అప్పగించి పొరుగింటావిడను ఇంటికి పంపేద్దామా? అదీ కుదరదు. జార్ఖండ్, ఒడిశా గ్రామాల్లో ఏక్‌జుట్ సంస్థ మహిళా బృందాలతో చేసిన ప్రయత్నం ఫలితాలు 2010లో వచ్చాయి. నవజాత శిశు మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. ఆ సమావేశాలు నడిపింది డాక్టర్లు కారు, శిక్షణ పొందిన స్థానిక మహిళలు. రానివాళ్ళ ఇంటికి వెళ్ళి ఎందుకు రాలేదని అడగగలిగేది ఆ ఊరి మనిషే. అత్తగారి అనుమతి సంపాదించగలిగేదీ, ఒకామె రెండు వారాలుగా కళ్ళు దించుకునే ఉందని పసిగట్టి పీహెచ్‌సీకి తీసుకెళ్ళగలిగేదీ ఆమే. వ్యాయామం నేర్పడం, జట్టును నిలబెట్టడం వేర్వేరు విద్యలు. మొదటిది శిక్షణతో వస్తుంది, రెండోది ఏ శిక్షణా ఇవ్వలేదు.

స్వచ్ఛందం అన్న మాట మీదే ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆడవాళ్ళ శ్రమను ఊరికే వాడుకోవడానికి అది మంచి పేరు. ఆశా కార్యకర్తలను 2005 నుంచి కాగితాల మీద స్వచ్ఛంద సేవికలనే పిలుస్తూ, ఉద్యోగికి తగ్గని బాధ్యతలు మోపాం. జీతం కోసం వాళ్ళు రోడ్డెక్కని ఏడాది లేదు. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, షరతులు మాత్రం ఉన్నాయి. స్వచ్ఛందంగా ఇచ్చేది వారానికి ఒక గంట, అంతే. రిజిస్టర్లు రాయడం, లెక్కలు పంపడం ఆమె పని కాకూడదు. ఫిజియోథెరపిస్టు దగ్గర శిక్షణ, ప్రయాణ ఖర్చు, ఆమె చేయించే వ్యాయామాలను నెలకోసారి వచ్చి సరిదిద్దే మనిషికి ఇచ్చే డబ్బు, ఇవన్నీ ఆరోగ్య శాఖ భరించాలి. అలా భరించలేమంటే జట్టు పెట్టవద్దు. నలుగురూ కలిసి నడవండి, చాలు.

చోటు కొత్తగా వెతకనక్కర్లేదు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట భోజనం అంగన్‌వాడీలోనే పెట్టాలని తలపెట్టింది. అంటే చోటూ వేళా ఉన్నాయి, భోజనానికి ముందు అరగంట కావాలి. చిక్కు మరోచోట ఉంది. మన బాలింత పుట్టింట్లో ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తవారింటికి వెళ్ళిపోతుంది, సరిగ్గా జట్టుకు అలవాటు పడే వేళకు. ఎనిమిది వారాల తరగతి అని గిరిగీసి, మొదటి వారం రానివాళ్ళను చేర్చుకోమంటే ఇక్కడ నడవదు. ఏ వారం వచ్చినా చేర్చుకోవాలి. వెళ్ళేటప్పుడు ఆమె ఏ వ్యాయామం దాకా వచ్చిందో, కుట్లు ఎలా ఉన్నాయో ఒక చీటీ రాసి, అత్తవారి ఊరి అంగన్‌వాడీలో ఎవరిని కలవాలో దాని మీదే పేరు రాసి చేతికివ్వాలి.