ముద్ద ముందా, తగువు ముందా

అన్న హైదరాబాదు కోకాపేటలో సెంట్రింగ్ పని చేస్తాడు, తమ్ముడు సిడ్నీలో పారమట్టా దగ్గర ఒక గోడౌన్‌లో చేస్తాడు అనుకుందాం. ఇద్దరికీ నడుముకు దెబ్బ తగిలింది. ఇద్దరూ వెంటనే నోరు విప్పలేదు. అన్నతో మేస్త్రీ "ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంటాలే, కేసులెందుకు" అన్నాడు. తమ్ముడికి షిఫ్టులు తగ్గిస్తారేమోనని బెరుకు. మూడు నెలలు గడిచాక ఇద్దరూ పరిహారం అడిగారు. చివరికి ఎవరికెంత వస్తుందన్నది వేరే లెక్క. అది తేలేదాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నదే ఇక్కడ నేను తూచదలచుకున్న సంగతి.

ఆలస్యాన్ని మన్నించడంలో, 2025 దాకా నడిచిన మన 1923 నాటి పరిహార చట్టానిది పెద్ద మనసు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. అదీ దాటితే, తగిన కారణం చూపినవాడి అర్జీని పరిహారం తేల్చే కమిషనర్ విచారణకు తీసుకోవచ్చు. యజమానికి నోటీసు ఇవ్వకపోయినా, ప్రమాదం సంగతి ఆయనకు మరోదారిన తెలిసి ఉంటే చాలు. సిలికోసిస్ లాంటి వృత్తి రోగాల దగ్గర ఈ చట్టం ఇంకో మెట్టు దిగి వచ్చింది. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, అవి తొలిసారి కనిపించిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్క. కాబట్టి అన్న మూడు నెలలు ఆగడం ఈ చట్టం దృష్టిలో అసలు ఆలస్యమే కాదు.

గుమ్మం ఇంత వెడల్పుగా తెరిచిన చట్టం, లోపల కంచం పెట్టేచోట చెయ్యి ముడుచుకుంది. 4ఏ సెక్షన్‌లో మధ్యంతర చెల్లింపు మాట ఉంది. అడిగినంత బాధ్యతను యజమాని ఒప్పుకోకపోతే, తాను ఒప్పుకున్న మేరకు ముందుగా చెల్లించాలి. తిరకాసంతా ఆ 'ఒప్పుకున్న మేరకు'లోనే. "వాడు మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అంటే ఒప్పుకున్నదీ సున్నా, ఇవ్వాల్సిందీ సున్నా. (కాంట్రాక్టరు కూలీకి అసలు యజమాని కూడా బాధ్యుడేనని పన్నెండో సెక్షన్ చెబుతుంది. కానీ అది తేలేది విచారణలో.) ఆలస్యం దెబ్బకొట్టేదీ ఇక్కడే. మూడు నెలల కిందటి సంగతికి సాక్షులైన కూలీలు ఈపాటికి మరో సైటుకో, మరో రాష్ట్రానికో పోయి ఉంటారు. కాదనడం యజమానికి తేలిక. చట్టం మన్నించిన ఆలస్యానికి మధ్యంతర చెల్లింపు రూపంలో మూల్యం కట్టేది కార్మికుడే.

పరిహారం కమిషనర్ ఉత్తర్వు నాటి నుంచి కాదు, ప్రమాదం జరిగిననాటి నుంచే బాకీ పడుతుందని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే 50 శాతం దాకా పెనాల్టీ. కానీ అవన్నీ చివర్లో వచ్చే డబ్బు. మందుల షాపువాడు అంతదాకా ఆగడు. పైగా ఆ మొత్తమైనా ఎంత? తాత్కాలిక వైకల్యానికి పక్షానికోసారి నెల జీతంలో 25 శాతం. అన్న ఎంత సంపాదించినా 2020 నుంచి లెక్కలోకి తీసుకునేది 15,000 దాకానే. అంటే పక్షానికి 3,750 రూపాయలకు మించదు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు 1998 చట్టం దీన్ని తిరగేసింది. దెబ్బ తగిలిందన్న కబురు అందిన 7 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీ వారంవారీ చెల్లింపులు మొదలుపెట్టాలి. 12 వారాల దాకా అలా ఇవ్వవచ్చు. ఇచ్చినంత మాత్రాన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదు. ముద్ద ముందు, తగువు తర్వాత. తొలి 13 వారాలకు లెక్క, దెబ్బకు ముందు సంపాదనలో 95 శాతం దాకా. "తీరా అబద్ధపు క్లెయిమ్ అని తేలితే?" అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కంపెనీ కాదన్నప్పుడు పర్సనల్ ఇంజురీ కమిషన్ ఇచ్చే మధ్యంతర ఆదేశం మీద తీసుకున్న సొమ్మును తిరిగి కట్టమని మామూలుగా అడగరు. మోసం లాంటివి తేలితే కమిషన్ కట్టమనవచ్చు.

అయితే తమ్ముడి సంగతి? ఇక్కడ ఈ చట్టమూ మొహం చాటేస్తుంది. రెండు నెలలు దాటాక కబురు చేస్తే, మధ్యంతర చెల్లింపు మొదలుపెట్టకపోవడానికి అది కంపెనీకి చెల్లుబాటయ్యే సాకు. క్లెయిమ్‌కు ఆరు నెలల గడువుంది, సరైన కారణముంటే అది మూడేళ్ల దాకా సాగుతుంది, వేసిన 21 రోజుల్లో కంపెనీ తేల్చాలి. కాదంటే పర్సనల్ ఇంజురీ కమిషన్ మధ్యంతర చెల్లింపుకు ఆదేశం ఇవ్వవచ్చు. ఆ ఆదేశం ఇవ్వదగిందేనని ముందుగా అనుకోమంటుంది చట్టం. కానీ దెబ్బ సంగతి చెప్పాల్సినట్టు చెప్పకపోతే ఆ మొగ్గు పోతుంది. ఒకే ఆలస్యానికి రెండుచోట్ల దెబ్బ. నడుము నొప్పి మొదటివారంలో ఎంత ముదురుతుందో ఎవరికి తెలుసు? ఓర్చుకుని పనికి వెళ్లినవాడికే ఈ శిక్ష!

అయినా నా ఓటు సిడ్నీకే. అక్కడ ఆలస్యమైనవాడికి తలుపు సగం మూసుకుంటుంది. ఇక్కడ వేళకు వచ్చినవాడి ముద్ద కూడా ఎదుటివాడి ఒప్పుకోలు మీదే ఆధారపడింది. తప్పెవరిదో తేలకముందే ఎంతో కొంత చేతిలో పెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 140వ సెక్షన్ కింద రోడ్డు ప్రమాదాల్లో మరణానికి 50,000, శాశ్వత వైకల్యానికి 25,000 అలాగే ఇచ్చారు. రోడ్డు మీద పడ్డవాడికి దక్కిన ఆ వెసులుబాటు పరంజా మీంచి పడ్డవాడికి దక్కలేదు.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 1923 నాటి పరిహార చట్టం అందులో కలిసిపోయింది. 'ఒప్పుకున్న మేరకు' అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. అది మారేదాకా, ఏ ఊళ్లో ఉన్నా, దెబ్బ తగిలిన రోజునే తేదీ వేసి ఒక కాగితం యజమానికి ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి. సిడ్నీలో ఉన్నవాళ్లు రెండు నెలలు దాటనివ్వకండి.