సముద్రం సరే, స్నేహితుడేడీ?

ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత పాత ఊరు చూసివచ్చి రాసే వ్యాసాలు మనవంటి చిన్న పత్రికల్లో తరచు వస్తుంటాయి. గోపాలపురం మీద వచ్చినవి నేను వదలను. హైస్కూలు రోజుల్లో బరంపురం నుంచి అక్కడికి సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. విచారమేమంటే, ఇవన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. దీపస్తంభం, అలలు, ఒకనాడు రంగూనుకు ఓడలు బయల్దేరిన రేవు, ఆపైన ఒక నిట్టూర్పు. చివరి పేరాలో పాత స్నేహితుడొకడు వచ్చి, టీ తాగించి, కళ్ళు తుడుచుకుని తప్పుకుంటాడు.

నా పేచీ ఈ చివరి పేరాతోనే. రచయిత ఊరు విడిచిన రోజునే ఆ స్నేహితుడి గడియారం ఆగిపోయిందా? ఉండిపోయినవాడి నెత్తిమీదుగా చాలా గడిచింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపురం దగ్గరే. ఆ పక్కనే ఋషికుల్య మొగ వద్ద, తాబేళ్ళ కోసం, ఏటా నవంబరు నుంచి మే దాకా మరపడవల వేటకు నిషేధం. ఆ ఏడు నెలలూ జాలరి ఇల్లు ఎలా గడుస్తుందో నేను చదివిన ఏ వ్యాసమూ అడగలేదు. అస్తమయాన్ని మాత్రం అందరూ వర్ణించారు, అదీ తూర్పు సముద్రం ఒడ్డున కూర్చుని!

శ్రీశ్రీ మద్రాసులో స్థిరపడ్డాక ‘అనంతం’లో విశాఖపట్నాన్ని తలచుకున్నాడు. అక్కడ కవితా సమితి ఉంది, 1928 నాటి ‘ప్రభవ’ ఉంది, పురిపండా అప్పలస్వామి ఉన్నాడు. స్నేహితులకు చేతినిండా పని ఉంది. మన వ్యాసాల్లో వాళ్ళు ఉత్త జ్ఞాపకాలు.

భాష సంగతి మరీ అన్యాయం. ఒడియావారు నోళియాలనే ఆ జాలర్ల ఇంటిమాట తెలుగే. వ్యాసంలోకి వచ్చేసరికి వాళ్ళు పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. నిరుడు నేను వెళ్తే మా క్లాసువాడు అన్నమాట ఇది:

“ఏట్రా, సముద్రాన్ని సూడ్డానికొచ్చినావా, నన్ను సూడ్డానికా?”

గోపాలపురం మీద వ్యాసమున్న పత్రిక చేతికిస్తే మనవడికి అందించాడు. ఆ కుర్రాడిది ఒడియా బడి. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం రాదు. “మా గురించే రాసినారు గదా, మరి మేమెలాగ సదవాల?” అన్నాడు తాత.

మనల్ని ప్రవాసాంధ్రులంటారు గాని, గంజాం తెలుగువాడు ఎక్కడికీ పోలేదు. 1936 ఏప్రిల్ 1న మనిషి కదల్లేదు, గీత కదిలింది. ఆ గీతకు ఇవతల ఉండిపోయినవాడి మాట అచ్చులో లేకపోతే, వెళ్ళిపోయినవాడి బెంగ ఒక్కటే ఈ ఊరి చరిత్రగా మిగులుతుంది. ఇకమీదట రాసేవారు స్నేహితుడు చెప్పింది అతని యాసలోనే రాయాలి. అచ్చయ్యాక ఒకసారి అతని అరుగు మీద కూర్చుని చదివి వినిపించాలి. బరంపురం స్టేషన్లో దిగితే పదహారు కిలోమీటర్లేగా.