వచ్చు – రాదు: ప్రారంభ వ్యాకరణంలో అపవాద క్రియల బోధన

లాటిన్ ప్రారంభ వ్యాకరణాలు క్రియలను నాలుగు గణాలుగా విభజించి, వాటిలో ఇమడని కొన్నింటిని చివర జాబితాగా ఇస్తాయి. 'మోయు' అనే అర్థంలోని 'ఫెరో' వాటిలో ఒకటి. దాని భూతకాల రూపం 'తులి'. ఇవి వేర్వేరు ధాతువుల నుంచి వచ్చినవి కనుక విద్యార్థి కంఠస్థం చేయక తప్పదు. తెలుగును ఇతర భాషల వారికి బోధించే వ్యాకరణాలకు దీర్ఘ చరిత్ర ఉంది. ఎ.డి. క్యాంబెల్ (1816), సి.పి. బ్రౌన్ (1840), ఎ.హెచ్. ఆర్డెన్ (1873) ఆంగ్లం ద్వారా తెలుగు నేర్చుకొనే పెద్దల కోసం వ్యాకరణాలు రచించారు. ఆ అవసరం వేరు, ఆసిఫాబాద్ ప్రాంతపు బడిలో గోండు, కొలాం పిల్లల అవసరం వేరు. అపవాదాల జాబితా పద్ధతి ఈ పిల్లలకు ఎంతవరకు తగినదన్నది పరిశీలించవలసిన విషయం.

'వచ్చు' క్రియకు వ్యతిరేక రూపం 'రాదు', విధి రూపం 'రా'. పైకి ఇది 'ఫెరో – తులి' వంటి జంటగానే కనిపిస్తుంది. వాస్తవానికి ఇక్కడ ఉన్నది ఒకే ధాతువు. ద్రావిడ ధాతువులోని 'వర్' అనే రూపం వర్ణవ్యత్యయం వల్ల 'వ్రా' అయి, వకారం లోపించి 'రా'గా మిగిలింది. 'అగు' క్రియకు 'కా', 'కాదు' రూపాలు ఏర్పడిన తీరూ ఇదే. జాబితాలో రెండు అపవాదాలుగా కనిపించేవి చరిత్రలో ఒకే సూత్రానికి లోబడినవి. లాటిన్ జంటకు, తెలుగు జంటకు ఒకే పేరు పెట్టడం వల్ల ఈ భేదం మరుగునపడుతుంది.

ఎమెనో 1955లో ప్రచురించిన కొలామీ వర్ణనలో ఈ క్రియ 'వర్'గాను, భూతకాలంలో 'వత్త్'గాను ఉంది. గోండీలోనూ ఇదే ధాతువు వకారంతో మొదలవుతుంది. అంటే తెలుగు కోల్పోయిన ఆది వర్ణాన్ని ఈ పిల్లల ఇంటి భాషలు నిలుపుకున్నాయి. పైగా ఉత్తర తెలంగాణ వ్యవహారంలో 'వచ్చిండు' అనేది 'అచ్చిండు'గా కూడా వినిపిస్తుంది. ఇంట్లో ఒకటి, అంగడిలో ఒకటి, వాచకంలో 'వచ్చాడు' అనే మరొకటి ఎదురైన పిల్లవాడు 'రాడు'కు బదులు 'వచ్చడు' అంటే అది బుద్ధిలోపం కాదు. సూత్రాన్ని గ్రహించి, దానిని అన్వయించిన ఫలితం.

ఈ క్రియ ప్రయోజనం కూడా గమనార్హం. 'చేయవచ్చు', 'చేయరాదు' అంటూ అనుమతిని, నిషేధాన్ని చెప్పేది ఇదే. 'నాకు తెలుగు రాదు' అని చెప్పుకోవడానికైనా ఇదే కావాలి. తొలి రోజే అవసరమయ్యే క్రియను వ్యాకరణం చివరి పుటకు నెట్టడం బోధనాక్రమాన్ని తలకిందులు చేయడమే.

చారిత్రక వ్యాకరణం పసిపిల్లలకు భారమనే ఆక్షేపణ సమంజసమే. అయితే ధ్వనిసూత్రం తెలియవలసినది ఉపాధ్యాయునికి. పిల్లలకు కావలసినవి 'వస్తాడు – రాడు', 'అవుతుంది – కాదు' వంటి జంట వాక్యాలు, వాటి పక్కన ఇంటి భాషలోని రూపాలు. ఇందుకు ఈ ప్రాంతంలోనే పూర్వరంగం ఉంది. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో ఆరంభమైన గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం, నాగరి లిపిలోని గోండీ వాచకాలు ఇంటి భాష నుంచే చదువు మొదలుపెట్టాయి. ఆ దృష్టి తెలుగు క్రియాబోధనకూ విస్తరిస్తే, అపవాదమని పక్కన పెట్టిన రూపమే పిల్లల భాషకు, బడి భాషకు మధ్య ఉన్న చుట్టరికాన్ని చూపగలదు.