పెనం మీదే వడ్డన

దోశ ఎంత చక్కగా కాలినా, పెనం మీంచి చిరగకుండా తీయడంలోనే చేయి తిరిగినతనం తెలుస్తుంది. గ్రాఫీన్ పనివాళ్లదీ అదే తంటా. ఒకే ఒక్క కార్బన్ పరమాణువు మందమున్న ఈ పొరను రాగి రేకు మీద పెంచడం 2009 నుంచి నలిగిన దారే. కానీ చిప్ తయారు కావాలంటే రాగిని కరిగించి, పొరను వేరేచోటికి మార్చాలి. ఆ మార్పిడిలో ముడతలు, చిరుగులు, మరకలు.

అందుకే, పొర ఎక్కడ ఉండాలో అక్కడే దాన్ని పుట్టించేవాళ్ల నేర్పు చూస్తే ముచ్చటేస్తుంది. సిలికాన్ కార్బైడ్‌ను బాగా కాలిస్తే సిలికాన్ ఆవిరైపోతుంది. మిగిలిన కార్బన్ తనంతట తానే గ్రాఫీన్‌గా సర్దుకుంటుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో వాల్ట్ డి హీర్ బృందం ఏళ్ల తరబడి సాధన చేసిన విద్య ఇది.

నన్ను మరీ కట్టిపడేసింది జెర్మేనియం పని. 2015లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఆర్నాల్డ్ బృందం ఈ అర్ధవాహకం మీదే గ్రాఫీన్ పట్టీలు పెంచింది. జెర్మేనియం 938 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, కనుక కొలిమి వేడి ఆ గీతకు కాస్త దిగువనే నిలవాలి. పొరకు కార్బన్ అందించే మీథేన్ వాయువును పొదుపుగా వదలాలి. పట్టీ వెడల్పు గంటకు 5 నానోమీటర్ల లోపే పెరిగేంత నెమ్మదిగా సాగితే, అది అడ్డంగా కాక పొడవుగా సాగి, 10 నానోమీటర్లకన్నా సన్నగా, నున్నటి అంచులతో తేలుతుంది. అంత సన్నబడితేనే గ్రాఫీన్‌కు స్విచ్‌లా కరెంటును ఆపే గుణం వస్తుంది. కోసి సన్నం చేయబోతే అంచులు గరుకెక్కుతాయి.

నిదానమే ప్రధానమన్న మాటకు ఇంతకన్నా సన్నని సాక్ష్యం నేను చూడలేదు.