రామప్ప పంతులు ఎటు పోయాడు?

జె.వి. సోమయాజులు అనగానే మనకి గుర్తొచ్చేది ఒక్కడే: శంకరశాస్త్రి. 1980లో కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ వచ్చినప్పట్నించీ ఆ ముఖానికి ఆ పేరు అతుక్కుపోయింది. కానీ శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టి, విజయనగరం నాటకరంగంలో ఆరితేరిన ఈ నటుడికి అంతకుముందు పేరు తెచ్చిన వేషం వేరు. ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులు. తమ్ముడు రమణమూర్తి గిరీశం.

రెండు పాత్రల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పంతులుది లేని పెద్దరికం: కోర్టు వ్యవహారాలు, కుదిర్చిపెట్టే సంబంధాలు, మధురవాణి ముందు బడాయి. శాస్త్రిది ఎవరికోసమూ తగ్గించుకోలేని పెద్దరికం. దొంగ హుందాతనాన్ని అన్నేళ్లు ఆడినవాడికి అసలుది ఎక్కడ మొదలవుతుందో తెలియదా? పైగా ఆయన ఉద్యోగం రెవెన్యూ శాఖలో, డిప్యూటీ కలెక్టరు. అర్జీలు పట్టుకొచ్చే పంతుళ్లు బల్లకి అవతల ఎంతమంది కూర్చునుంటారో!

‘శంకరాభరణం’లో శాస్త్రి పాట ఆయన గొంతు కాదు, బాలూది. నటుడి చేతిలో మిగిలింది నడక, చూపు, మౌనం. వాటితోనే ఆయన ఒక సంగీత విద్వాంసుణ్ణి నిలబెట్టాడు. సాధన మధ్యలో కూతురి మనసు ప్రేమించినవాడి వైపు మళ్లి స్వరం దారి తప్పినప్పుడు, “శారదా!” అని అరుస్తాడే, ఆ అరుపులో సంగీతం మీద భక్తి ఎంతుందో అహంకారమూ అంతే ఉంది. మనం భక్తి ఒక్కటే విన్నాం.

సినిమావాళ్లూ అదే విన్నారు. ‘త్యాగయ్య’ (1981)లో వాగ్గేయకారుడు, ‘ఆదిత్య 369’ (1991)లో మహామంత్రి తిమ్మరుసు. గురువులు, పెద్దలు, పూజ్యులు. 2004లో ఆయన పోయేదాకా దాదాపు ఇదే వరస. తప్పు వేషాలు కావు. కానీ నవ్వించగల, మోసం చెయ్యగల, భయంతో నీళ్లు నమలగల నటుడికి తెర మీద చోటే లేకపోయింది. నాటకం ఆడిన రాత్రితో అయిపోతుంది, సినిమా ఉండిపోతుంది. అందుకే సగం సోమయాజులే మనకి మిగిలాడు.

నటుడికి దణ్ణం పెట్టేస్తే ఇంక అతనికి కొత్త వేషం ఇవ్వాలని ఎవరికీ తోచదు. ఈసారి ‘శంకరాభరణం’ చూసినప్పుడు దణ్ణం కాస్త పక్కన పెట్టి చూడండి. ఆ అరుపు దగ్గర శాస్త్రిలోని మామూలు మనిషి కనిపిస్తాడు. ఆ మనిషిని పట్టుకోవడం ఆయన నేర్చింది విజయనగరం స్టేజీ మీద, రామప్ప పంతులు దగ్గరే అని నాకనిపిస్తుంది.