గోరంత కార్డు, కొండంత చోటు
64 జీబీ లాప్‌టాప్‌లో విండోస్ తన వాటా తీసుకున్నాక మిగిలేది ఇరుకు గదే. మా అమ్మాయి లాప్‌టాప్ పక్కనున్న సన్నని చీలికలో మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టి వేలికొనతో నొక్కాను. టిక్కుమంది; లోపలి స్ప్రింగు పట్టేసింది. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, మందం ఒక్క మిల్లీమీటరే. అందులో 128 జీబీ! కదిలే భాగమంటూ ఒక్కటీ లేదు. కోట్లాది బుల్లి అరలు విద్యుదావేశాన్ని పట్టి ఉంచి, కరెంటు లేకపోయినా రాసినదాన్ని అలాగే దాచుకుంటాయి. పాఠాల వీడియోలు, పెళ్లి ఫొటోలు, మా అమ్మ గొంతు రికార్డింగులు (వాటికి మరో కాపీ కూడా వేరే ఉంచాను) అన్నీ అటు మార్చాం. తీసేముందు ‘ఎజెక్ట్’ చెప్పాలి. రాస్తుండగా లాగితే ఫైళ్లు చెడతాయి. ఆపైన మళ్లీ నొక్కితే, అదే స్ప్రింగు కార్డును మెల్లగా వేళ్లకు అందిస్తుంది. ఆ మర్యాద నాకెంతో ఇష్టం.