ఏ పాఠం అచ్చుకెక్కాలి?

తెలుగు వాక్యం రాతికెక్కింది రాయలసీమలోని రేనాటిలోనే. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ధనంజయుడు వేయించిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని చరిత్రకారులంటారు. అదే రేనాడులోని కోయిలకుంట్లకు అచ్చు అక్షరం మాత్రం చుట్టూ తిరిగి వచ్చింది. తెలుగు పుస్తకాలు తొలిసారి అచ్చయింది జర్మనీలోని హాలే పట్టణంలో, 1746-47లో. మద్రాసులో పనిచేసి స్వదేశం చేరిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ వాటిని వేయించాడు. తర్వాత కలకత్తా దగ్గరి శ్రీరాంపురం, ఆపైన మద్రాసు. మన సీమ వంతు చాలా ఆలస్యంగా గానీ రాలేదు.

అయినా తెలుగు అచ్చు చరిత్రలో ఒక పెద్ద పని ఈ సీమలోనే జరిగింది. దానికి యంత్రం అక్కర్లేకపోయింది, కడపలో ఒక బంగళా చాలింది.

అచ్చుకు ముందు పుస్తకమంటే తాటాకుల కట్ట. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, గంటంతో గీసి, మసి పూస్తే అక్షరం తేలుతుంది. పురుగు తిన్నా, ఆకు పెళుసెక్కినా మరొకరు కూర్చుని ఎత్తి రాయాలి. ఆ రాతలో ఒక ఒత్తు జారుతుంది, ఒక పాదం ఎగిరిపోతుంది, రాసేవాడు కాస్త కవి అయితే సొంత పద్యం ఒకటి చేరుతుంది. ఆ తప్పు ఆ ఇంటి కట్టలోనే ఉంటుంది గనుక లోకానికి పెద్ద నష్టం లేదు. అదే తప్పు అచ్చయితే వందల ప్రతుల్లో ఒకేసారి పుడుతుంది. అందుకే అచ్చుకిచ్చే ముందు ఏది సరైన పాఠమో ఎవరో ఒకరు తేల్చి తీరాలి.

1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ ఆ తేల్చే పనిని ఒక పద్ధతిలో పెట్టాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. గుమాస్తా చేత ఒక ప్రతి ఎత్తి రాయించి, పాఠభేదాలు చేర్చడానికి ఖాళీ వదిలించేవాడు. ఆపైన పండితులు కూర్చుని పద్యం వెంట పద్యం వాదించుకోవాలి. ఛందస్సు ఒప్పుకుందా, అర్థం కుదిరిందా, ఏ ప్రతి మాట నమ్మాలి అని. జీతాలు బ్రౌన్ సొంత జేబులోంచి. కడప బంగళాలో ఈ పని చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొర పేరు వీధులకూ విగ్రహాలకూ ఎక్కింది. కృష్ణారెడ్డి పేరు సీమలోనే ఎందరికి తెలుసు?

ఈ పద్ధతికి అసలు పరీక్ష వేమన. ఆ పద్యాలు జనం నోళ్లలో ఉన్నాయి, కావ్యంలా ఒక వరుస లేదు, పండితులకు వాటి మీద గౌరవమూ లేదు. 1829లో బ్రౌన్ మద్రాసులో 693 పద్యాలు అచ్చు వేయించాడు. 1839 ముద్రణకు అవి 1,164 అయ్యాయి. వేమనకు బడిలో చోటు దొరకడానికి ఈ అచ్చు బలమే మూలమని నా నమ్మకం. దాంతోపాటే ఇంకో సంగతీ జరిగింది. పుస్తకంలో ఉన్నదే వేమన, లేనిది ఎవరో కట్టింది అనే తీర్పు నెమ్మదిగా స్థిరపడింది.

సీసపు అచ్చు రోజుల్లో పాఠం తేలాక కంపోజిటర్ చేతికి వెళ్లేది. ఇంగ్లీషు టైపు పెట్టెలో, అంటే కేసులో, గళ్లు వందో, వంద పైనో. తెలుగుకు గుణింతాలు వేరు, ఒత్తులు వేరు, కాబట్టి గళ్లు కొన్ని వందలకు పోతాయి. ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చేత్తో ఒక్కో సీసపు అక్షరం ఏరి పేర్చాలి. అక్షరం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. ‘ధ’కూ ‘థ’కూ, ‘ప’కూ ‘ష’కూ తేడా ఆ తిరగబడ్డ రూపంలోనే పట్టుకోవాలి. కింద వేలాడే ఒత్తు కింది వరుసకు తగలకుండా ఎడం చూసుకోవాలి. తర్వాత గ్యాలీ, ప్రూఫు, దిద్దుబాటు, చేజ్‌లో బిగింపు, ట్రెడిల్ మీద అచ్చు. అక్కడితో పని అయిపోదు. టైపు కొద్దిగానే ఉంటుంది, అందుకని అచ్చయిన పేజీని విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో తిరిగి వేయాలి. దీన్నే డిస్ట్రిబ్యూషన్ అనేవారు. కుర్రవాడు పొరపాటున పక్క గడిలో వేసిన అక్షరమే రేపటి శుభలేఖలో అచ్చుతప్పు. మంచి అచ్చాఫీసు ఏదో తెలుసుకోవాలంటే ముందు డిస్ట్రిబ్యూషన్ ఎలా చేస్తున్నారో చూడాల్సి వచ్చేది.

అచ్చయిన మాటకు జవాబుదారీ కూడా ఉంది. 1867 చట్టం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలంది. అచ్చు మాటకు జవాబు చెప్పడమంటే ఏమిటో కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు 1908లో తెలిసింది. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాతకు రాజద్రోహ నేరం మోపి జైలుకు పంపారు. ప్రచురణకర్త బోడి నారాయణరావుకూ శిక్ష తప్పలేదు. నేటికీ ఎన్నికల కరపత్రం అడుగున అచ్చువేసినవారి పేరు, చిరునామా లేకపోతే నేరమే. ఫ్యాక్షన్ ఊళ్లలో ఆ చిన్న వరుస విలువ అచ్చాఫీసువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కోయిలకుంట్లకు వస్తే, 1846లో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇక్కడి ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని ఇక్కడే ఉరి తీశారు. అప్పటికి తెలుగులో పత్రికలు లేకపోలేదు, మద్రాసులో 1842లోనే ‘వర్తమాన తరంగిణి’ మొదలైంది. రెడ్డి కథను ఊరూరా మోసింది మాత్రం పాట. అచ్చు చూడని పాట గనుక గాయకుడు మారితే చరణం మారింది, ఊరు మారితే ఘట్టం పెరిగింది. తంగిరాల వెంకట సుబ్బారావు వంటివారు వీరగాథలు సేకరించి పుస్తకాలకెక్కించడంతో అవి దక్కాయి. కానీ పుస్తకం చేతికొచ్చిన తర్వాతి గాయకుడు అందులోని చరణమే పాడతాడు.

బ్రౌన్ కాలంలో ఒక్క పాఠం ఏరుకోవడం అవసరం. కాగితం ఖరీదు, సీసం కొరత, పేజీకి కొలత. కంప్యూటర్ టైప్‌సెట్టింగ్‌కు ఆ ఇబ్బందులు అంతగా లేవు. రేనాటి పాటను మళ్లీ వేసేవాళ్లు కడప బంగళాలో గుమాస్తా వదిలిన ఆ ఖాళీని గుర్తు పెట్టుకోవాలి. ఉయ్యాలవాడలో పాడే చరణం పక్కన బనగానపల్లెలో పాడే చరణాన్నీ వేసి, ఎవరి దగ్గర ఏ ఊళ్లో విన్నారో అడుగున రాయవచ్చు.